తెడ్డు మీది పంటిగాట్లు

బండి నిలబడే ఉంది, ఇంజను మాత్రం ఎక్కడికో పరుగెత్తుతోంది. చేతిబ్రేకు లాగి ఉంది, గేరులో లేదు, యాక్సిలేటరు మీద ఎవరి కాలూ లేదు. అయినా ఆ నల్ల విలాయతీ కారు పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది. బానెట్టు ఎత్తి దాని ముందు నిలబడ్డ కామాక్షయ్యకు ఆ ఊగడం కళ్ళకు కనిపిస్తోంది, మడ్గార్డు మీద ఆనించిన అరచేతికి తెలుస్తోంది, అరికాళ్ళ కింద షెడ్డు నేల సన్నగా అదరడం కూడా తెలుస్తోంది. చెవులకు మాత్రం రెండు వీధుల అవతల ఎక్కడో వడ్లమర ఆడుతున్నట్టుంది, అంతే. మూరెడు దూరంలో ఇంజను గొంతు చించుకుంటుంటే రెండు వీధుల అవతల వినిపించడమేమిటి? ఇది ఇవాళ మొదలైంది కాదు. ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేడు. పొద్దు గుంకడం ఏ గడియలో మొదలైందో ఎవరు మాత్రం చెప్పగలరు గనక? చూస్తూ ఉండగానే మసక పడుతుంది, ఇంట్లో ఎవరో లేచి దీపం పెట్టేదాకా చీకటైందని మనకు తెలియదు. ఎంత చీకటైందో చూపే ఆ దీపం మనవాడికి ఇంకా ఎవరూ పెట్టలేదు.

షెడ్డు ముందు బల్ల మీద హజరత్తయ్య నిద్రపోతున్నాడు. తోటపల్లి గూడూరు మాగాణి రైతుల్లో కారు కొన్న మొదటి మనిషి ఆయనే. ఆ సంగతి మరిచిపోయేవాళ్ళుంటారేమోనని హారను కొట్టకుండా ఏ వీధీ దాటడు. ఇప్పుడు ముఖం మీద పేపరు కప్పుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఆ పేపరు గుప్పున పైకి లేస్తోంది, మళ్ళీ వచ్చి ముక్కుకు అతుక్కుంటోంది. గురక పెడుతున్నాడన్నమాట. ఎంత గురకో పేపరు లేచే ఎత్తును బట్టి తెలుసుకోవచ్చు. ఈమధ్య కామాక్షయ్య లోకమంతా ఇలాగే తెలుసుకుంటున్నాడు, పెదాల కదలికను బట్టి మాట, తెరిచిన ముక్కును బట్టి కాకి అరుపు, తాటాకుల రెపరెపను బట్టి సముద్రపు గాలి. వచ్చీ రాగానే హజరత్తయ్య బానెట్టు మీద చరిచి అరిచిన మాటలు కూడా సగం చెవితో, సగం కంటితోనే పట్టాడు. "బో బలం వచ్చేసింది కామాక్షయ్యా దీనికి. కాలు పెట్టకముందే ఉరకతా ఉండాది. నిన్న క్లచ్చి వదిలీ వదలకముందే పోయి గడ్డివామిలో దూరింది. ఎద్దయితే ముకుతాడు బిగించొచ్చు, దీనికేం బిగించేది? నువ్వొకసారి చెవి పెట్టు, చాలు."

చెవి పెట్టు, చాలు. ఈ చుట్టుపక్కల అందరూ అనే మాటే అది. పెన్న దాటి కోవూరు లారీలవాళ్ళు కూడా కామాక్షయ్య చెవి కోసమే ఇంతదూరం వస్తారు. మూరెడు కర్ర ఒకటి ఉంది అతని దగ్గర. దాని కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, ఫలానా చోట రోగం అని చెప్పేస్తాడు. చెవికర్ర అంటారు దాన్ని. దేవుడి పటం కన్నా భక్తిగా చూస్తారు. వాళ్ళ భక్తి చూస్తే ఈమధ్య అతను తలదించుకుని పానా వెతుక్కుంటున్నాడు. మెకానిక్కు షెడ్డు కన్నా చెవుడు దాచుకునేందుకు మంచి చోటు భూమ్మీద లేదు. ఇక్కడ అందరూ అరిచే మాట్లాడతారు, ఇంజను తిరుగుతుంటే చెవులున్నవాడు కూడా 'ఆఁ? ఏందీ?' అనాల్సిందే. అలా నెట్టుకొచ్చాడు. కానీ పోయిన నెల కొడవలూరు బస్సు ఇక్కడ బాగుచేయించుకుని పోయి, ఊరి పొలిమేరలోనే ఇంజను పట్టేసి నిలబడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. డ్రైవరు వచ్చి, "అంత టకటక నీకు వినపళ్ళా అన్నా?" అని అడిగాడు. కోపంగా కూడా కాదు, ఆశ్చర్యంగా. ఆ ఆశ్చర్యం ముల్లులా దిగింది. అప్పుడే అనుకున్నాడు, ఇక తేల్చుకోవాలని. సందు దొరికిన చోట గాలి పీలుస్తూ సన్నగా ఈల వేసే రోగం ఏదైనా వస్తే, దాన్ని చెవితోనే పట్టాలి. పట్టలేకపోతే షెడ్డుకు తాళం వేయాలి. వేసి ఏం చేయాలో ఆలోచించలేదు. పుట్టిన జాలరి పాలెం వెళ్ళి తెప్ప ఎక్కుదామంటే, అలల్లో కేక వినపడనివాణ్ణి తెప్ప ఎక్కించుకునేది ఎవరు?

ఇదిగో, ఆ రోగమే నల్ల కారెక్కి షెడ్డు ముందుకు వచ్చింది. యాక్సిలేటరు కడ్డీ ఎక్కడైనా పట్టుకుందేమోనని ఊడదీసి చూశాడు, పట్టుకోలేదు. చోకు సరిగ్గానే ఉంది. తిరుపుళి తీసుకుని, నిలకడ వేగం తగ్గించే మరను పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. మంచి ఇంజనైతే ఆ పాటికి దగ్గి చచ్చిపోవాలి. ఇది చావలేదు, అరుస్తూనే ఉంది. గాలి వచ్చే తలుపు మూసేశాం, అయినా లోపలివాడు హాయిగా ఊపిరి పీలుస్తున్నాడంటే దొడ్డిదారి ఏదో తెరిచి ఉన్నట్టే కదా. సరిచూసుకోవడానికి కార్బురేటరు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి చప్పున అతుక్కుపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అలవాటు కాని సంగతి అది. ఇనుము అంత ఆత్రంగా గాలిని పీల్చడమేమిటి? సముద్రం మీద పుట్టి, ఉప్పుకయ్యలు దాటి, వరిచేల మీదుగా వచ్చిన గాలి ఈ చిన్న నోట్లో దూరి, లోపల మంటై, చక్రమై తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఎవరూ చూడనప్పుడు దానికో దండం పెట్టుకోవాలనిపిస్తుంది అతనికి. చెయ్యి అడ్డం పెట్టినా ఇంజను తడబడిందే గాని ఆగలేదు. ఉంది, దొడ్డిదారి ఉంది. నూనె చుక్కలు ఒక్కో అతుకు మీదా వేసుకుంటూ పోతే, సందున్న చోట నూనె అడ్డుపడి ఇంజను దానంతటదే నెమ్మదిస్తుంది. పని నేర్చుకునేవాడికైనా తెలిసిన చిట్కా అది. కానీ ఇవాళ పరీక్ష కారుకు కాదు. నూనెడబ్బాను కావాలనే దూరంగా పెట్టాడు.

చెవికర్ర తీసుకున్నాడు. ఒక కొస ఇంజను మీద, రెండో కొస కుడిచెవికి. కళ్ళు మూసుకున్నాడు. వడ్లమర. ఎడమచెవికి మార్చాడు. అదే వడ్లమర, ఇంకో వీధి అవతలికి పోయింది. ఈల లేదు. ఏమీ లేదు. పంచాయతీ అరుగు గుర్తొచ్చింది. అక్కడి రేడియో గొణుగుతున్నట్టు వినిపిస్తే, "బ్యాటరీ అయిపోయినట్టుండాదే, మార్చగూడదా?" అన్నాడు తను. అరుగు మీదున్నవాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందురోజే కొత్తది వేశారట. అది గుర్తొస్తే పిచ్చమ్మ గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో తన భార్య గొంతు ఎంత చిన్నదంటే, "నీ మాట నీ పైటకొంగుకైనా వినపడతాదా పిల్లా?" అని అమ్మ ఎగతాళి చేసేది. అలాంటి పిచ్చమ్మను ఇప్పుడు వీధిలో గయ్యాళి అంటున్నారు. "మీ ఇంట్లో కూరేందో మాకు రోజూ తెలస్తానే ఉండాదిలే అన్నా" అని ఎదురింటివాళ్ళు నవ్వితే అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి. ఏం గయ్యాళితనం చేసిందని? అతని చెవికి ఆమె గొంతు పెళ్ళినాటి లాగే ఉంది, అంతే మెత్తగా, అంతే చిన్నగా. ఊరి నోటికి మూకుడు ఎవరు పెట్టగలరని ఊరుకున్నాడు. పిచ్చమ్మ కూడా ఊరుకుంది. గయ్యాళి అంటే ఏ ఆడదైనా జుట్టు ముడేసుకుని మీదికి పోతుంది. ఆమె పోలేదు, వాళ్ళకు ఒక్క మాట బదులు చెప్పలేదు. అదేమిటో అప్పుడు అతనికి తట్టలేదు.

కర్ర ఇంకా చెవికే ఉంది. దాని నిండా చెమట. ఇది మామూలు కర్ర కాదు, నాన్న తెడ్డు. నాన్న చిన్నపోలయ్య చనిపోయిన ఏడాది ఆ తెడ్డు విరిగితే, పిడివైపు ముక్క తెచ్చుకుని విరిగిన కొసను నున్నగా చేసుకున్నాడు. వినడం నేర్పింది ఈ కర్రే. అప్పుడు తనకు పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు. తెల్లారగట్ల తెప్ప మీద, కెరటాలు దాటి నీళ్ళు నల్లగా, నిండుగా ఉన్న చోట, నాన్న తెరచాప దించి, తెడ్డు వెడల్పు కొస నీళ్ళలో ముంచి, పిడి తన చెవికి ఆనించి, "ఇనుకో" అన్నాడు. మొదట ఏమీ లేదు. తరవాత అడుగునుంచి, ఎంత అడుగునుంచో, గొర్ర్... గొర్ర్... అని ఒక గొంతు. దానికి బదులు ఇంకో గొంతు. ఆ వెనక వంద గొంతులు. గొరక చేపలు గుంపు కడితే అలా మాట్లాడుకుంటాయట. పైన చూస్తే నీళ్ళు నిద్రపోతున్నాయి, కింద సంత జరుగుతోంది! ఆ పూట వల నిండిందో లేదో గుర్తు లేదు గాని, ఒళ్ళు గగుర్పొడవడం ఇప్పటికీ గుర్తుంది. కనిపించేదాని కింద ఇంకోటి ఉంటుందని, అది మాట్లాడుతూనే ఉంటుందని, చెవి పెట్టినవాడికే వినిపిస్తుందని తెలిసింది. ఆ తరవాత తెడ్డుతో తనివి తీరక, తెప్ప అంచు పట్టుకుని తలకాయ నీళ్ళలో ముంచి వినేవాడు. ఊపిరి ఆగేదాకా వినేవాడు. చెవులు చీము పట్టి కారేవి. అమ్మ పేరమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసి, తండ్రీ కొడుకులను కలిపి తిట్టేది. చీము ఆరగానే మళ్ళీ సముద్రం, మళ్ళీ చీము. యుద్ధకాలంలో మిలిటరీ లారీ ఒకటి పాలెం దగ్గర ఇసకలో దిగబడి ఉరుముతుంటే, ఆ డ్రైవరు నవ్వుతున్నా వినకుండా తెడ్డు ఆనించి విన్నాడు. లోపల గొరకల గుంపు! ఆ రోజే తెప్ప దిగి ఇంజన్ల వెంట పోయాడు. ఏ నీళ్ళు ఆ వినికిడి ఇచ్చాయో ఆ నీళ్ళే చెవులను తినేశాయి కాబోలు. ఎవరితో జగడమాడగలం దీనికి?

నాన్న మాత్రం తెడ్డును చెవికి ఆనించుకునేవాడు కాదు. ఆశ్చర్యం, ఆ సంగతి ఇప్పుడే గుర్తొస్తోంది. పిడి కొడుకు చెవికి పెట్టి వినిపించేవాడు, తరవాత లాక్కుని, పంటితో గట్టిగా కరిచి, కళ్ళు మూసుకునేవాడు. "ఎందుకు నాయనా తెడ్డు కొరకతా ఉండావు?" అంటే "ఉప్పు రుచి చూస్తా ఉండారా" అని నవ్వేవాడు. అలా కరిచి, ఆ పక్కకు, ఈ పక్కకు అని చెయ్యి చూపించేవాడు. అక్కడ వల వేస్తే చేపే చేప. పాలెంలో అందరూ చూశారు. చిన్నపోలయ్య గంగమ్మ తల్లికి ఏదో మొక్కు చెల్లిస్తున్నాడని తీర్మానించారు. ఒకడు తెడ్డు కొరికాడు, రెండోవాడు కొరికాడు, చివరికి పాలెం పాలెమంతా తెడ్లు కొరకడం మొదలుపెట్టింది. పళ్ళూడిన ముసలాళ్ళు చిగుళ్ళతోనే కానిచ్చేవాళ్ళు. కొత్త తెడ్డుకు పసుపు రాసి, ఇంటి పెద్ద పంటితో ఒక గాటు పెడితే గాని నీళ్ళలో దించని ఆచారం అయిపోయింది. ఇప్పటికీ ఉంది, నైలాను వలలు వచ్చాక కూడా ఉంది. వాళ్ళు వరసగా తెడ్లు కొరకడం చూసి నాన్న నవ్వు కనపడకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. సాయంత్రం ఒడ్డున అదే తెడ్డు మీద ఇంకో వింత. పిడి నాన్న పళ్ళ మధ్య ఉండేది, వెడల్పు కొస మీద అమ్మ గడ్డం ఆనించి కూర్చునేది. అలా ఎదురెదురుగా చాలాసేపు ఉండేవాళ్ళు. అమ్మ పెదాలు ఏవో కదులుతుండేవి. తనూ, మిగతా పిల్లలూ చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. అలసిపోయి గడ్డం ఆనించుకుందని అనుకునేవాళ్ళు.

పేపరు లేస్తోంది, పడుతోంది. హజరత్తయ్య లేచేలోగా ఏదో ఒకటి చెప్పాలి. పోనీలే, నూనె వేసి చూసి, చెవితో పట్టినట్టు చెప్పేస్తే? ఎవడికి తెలుస్తుంది? తనకు తెలుస్తుంది. ఆ మాట అనుకోగానే సిగ్గేసింది. ఊరికే నిలబడలేక కార్బురేటరు కింది నట్లు బిగువు చూద్దామని వంగాడు. రెండు చేతులూ కావాలి, ఒక చేత్తో పానా, ఇంకో చేత్తో నట్టు. కర్ర ఎక్కడ పెట్టాలో తోచక పిడికొస పంటితో కరిచి పట్టుకుని, మడ్గార్డు మీదికి ఒరిగాడు. ఒరగడంలో కర్ర రెండో కొస పోయి ఇంజనుకు తగిలింది.

తల లోపల ఇంజను మోగింది. చెవుల దగ్గర కాదు, రెండు వీధుల అవతల కాదు. పుర్రెలో, దవడ ఎముకలో, కళ్ళ వెనక. పానా చేతిలోంచి జారిపోయింది. ఏమిటిది? నాలుగు నిప్పులు ఒకదాని వెంట ఒకటి వెలగడం, వాల్వులు టకటకా తలుపులు తీసి మూయడం, పంపు నీళ్ళు మింగడం, ఫ్యానుబెల్టు పిల్లిలా మూలగడం, దేని గొంతు దానిది, దేని చోటు దానిది. ఏళ్ళ తరబడి మూసిపెట్టిన గదికి తలుపు తీస్తే సామానంతా పెట్టింది పెట్టినట్టే ఉంది! బెదిరిపోయి నోరు తెరిచాడు. కర్ర జారింది. నిశ్శబ్దం, దూరంగా వడ్లమర. మళ్ళీ కరిచాడు. మళ్ళీ సంత, పైకి నిద్రపోతున్న నీళ్ళ కింద మళ్ళీ వంద గొంతులు. వినికిడి పోలేదు. చెవి తలుపు మూసుకుపోయింది గాని లోపలివాడు మేలుకునే ఉన్నాడు. దొడ్డిదారి ఉంది! కళ్ళ వెంట నీళ్ళు కారి పంటి దగ్గర ఉప్పగా తగిలాయి. ఉప్పు రుచి చూస్తా ఉండారా.

నాన్నా. కర్రను నోట్లోంచి తీసి వెలుగులో తిప్పి చూసుకున్నాడు. పిడికొసన గాట్లు. ఎన్నేళ్ళుగా చూస్తున్నాడు ఆ గాట్లను, ఎలక కొరికి ఉంటుందని ఒకసారి, ఆచారం గాట్లని ఒకసారి అనుకున్నాడు. పై వరస గాట్లు నాలుగు, కింది వరస నాలుగు, ఒకే చోట మళ్ళీ మళ్ళీ కరిస్తే చెక్క అరిగిపోయి పళ్ళకు పీట వేసినట్టయింది. తన పళ్ళు ఆ గుంటల్లో పెట్టాడు. సరిగ్గా కూర్చున్నాయి. చిన్నపోలయ్యకు చెవుడు! పాలెంలో అందరికన్నా బాగా సముద్రాన్ని విన్న మనిషికి చెవుడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే తెప్ప ఎక్కనివ్వరు మరి. పంటితో విన్నాడు, బతికాడు, బతికించాడు. అది వినికిడి అని తెలియక ఒక ఊరు ఊరంతా తెడ్లు కొరికి దండాలు పెట్టింది. వెర్రివాళ్ళు అనుకుందామా? అనలేకపోయాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా, అక్కడ దండం పెట్టదగ్గది ఏదో ఉందని మాత్రం వాళ్ళకు తెలిసింది కదా. అతను కూడా రెండు చేతులూ జోడించాడు, కారు ముందో, కర్ర ముందో, నాన్న ముందో అతనికే తెలియదు.

తరవాత పని మొదలుపెట్టాడు. కర్ర కరిచి, రెండో కొసను ఇంజను మీద ఒక్కో చోటా ఆనిస్తూ పోయాడు, నాన్న నీళ్ళలో తెడ్డు జరుపుతూ వెతికినట్టే. అన్ని గొంతుల అడుగున ఒక సన్నటి ఈల ఉంది. ఇటు జరిపితే పలచబడుతోంది, అటు జరిపితే చిక్కబడుతోంది. చిక్కబడే వైపుకు పోయాడు. కార్బురేటరు కూర్చునే అతుకు దగ్గర, వెనకవైపు, కంటికి ఆనని చోట, ఈల ఒక్కసారిగా పంటిని జివ్వుమనిపించింది. ఇక్కడే. అతుకు మధ్య ప్యాకింగు ఎండి చీలి ఉంటుంది, ఉప్పుగాలికి అదేమంత వింత కాదు. వేలికొసన నూనె అద్ది ఆ చీలిక మీద రాశాడు, ఇప్పుడు రాయొచ్చు. ఈల తెగిపోయింది. పరుగెత్తుతున్న ఇంజను ఉలిక్కిపడి, తడబడి, దిగి, దిగి, ఆగిపోబోయింది. చప్పున మరను కొంచెం ముందుకు తిప్పాడు. దుక్... దుక్... దుక్... నిద్రపోతున్న బిడ్డ గుండెల మీద చెవి పెట్టినట్టుంది. బానెట్టు ఊగడం మానేసింది. షెడ్డు నేల కదలడం లేదు. ఇంత మెత్తటి చప్పుడు తన చేతికింద పుట్టి ఎన్నాళ్ళయిందో! కర్ర తీయబుద్ధి కాలేదు. కరిచి అలాగే నిలబడ్డాడు.

అంత రొదలో హాయిగా గురక పెట్టిన హజరత్తయ్య, రొద తగ్గగానే దిగ్గున లేచి కూర్చున్నాడు. పేపరు కిందపడింది. కామాక్షయ్య ముందుకు పరుగెత్తుకొచ్చి, "ఏందబ్బయా, ఆగిపోయిందా?" అని అరిచాడు.

"ఆగలా అన్నా. ఇప్పుడే నిలబడింది" అన్నాడు కామాక్షయ్య, కర్ర నోట్లోంచి తీసి. "ప్యాకింగు పోయింది. ఇది కొంచేపటి నూనె మందే. కొత్తది కోసి వెయ్యాల. సాయంత్రానికి రాండి."

హజరత్తయ్య ఇంజను వైపు, నోట్లోంచి తీసిన కర్ర వైపు మార్చి మార్చి చూశాడు. "ఇదేంది, చెవికర్ర పోయి పంటికర్ర అయింది?" అన్నాడు. ఆ మాట పెదాల మీదే పట్టుకున్నాడు కామాక్షయ్య. ఎప్పటిలాగే ఏదో ఒకటి అని దాటేద్దామనుకున్నాడు. కానీ ఇవాళ తలదించుకోబుద్ధి కాలేదు. "నాకు చెవులు వినపడవన్నా. ఇట్ట కొరికితే వినపడతా ఉండాది" అన్నాడు. హజరత్తయ్య వంగి, మడ్గార్డుకు తన పళ్ళు ఆనించి చూశాడు. కళ్ళు పెద్దవి చేసుకుని లేచాడు. "యబ్బా! తలకాయలో కాపురముండినట్టుందే!" అనుకుంటూ, మూతి తుడుచుకుంటూ కాఫీ అంగడి వైపు పోయాడు. ఆ పోవడం చూస్తే, సాయంత్రానికల్లా ఊళ్ళో కార్లు లేనివాళ్ళు కూడా దేన్నో ఒకదాన్ని కొరకడం ఖాయం.

ఎండ వాలింది. పిచ్చమ్మ అన్నం క్యారియరు పట్టుకుని వస్తోంది. ఏనాడూ వెనకనుంచి పిలవదు, ఇవాళా పిలవలేదు. చుట్టూ తిరిగి, అతనికి ఎదురుగా, ముఖం కనపడేలా వచ్చి నిలబడింది. అమ్మ కూడా నాన్న ముందుకు ఇలాగే తిరిగి వచ్చి నిలబడేది. అప్పుడు తట్టింది అతనికి. పిచ్చమ్మకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. గొంతు నరాలు తేలేలా అరుస్తోంది, "ఇంత పొద్దయింది, అన్నం తినవా?" అని. రోడ్డు మీద పోయే ఇద్దరు ఇటు తిరిగి చూసి నవ్వుకుంటూ పోయారు. గయ్యాళి పిచ్చమ్మ. పైటకొంగుకైనా వినపడని గొంతును పెంచి, పెంచి, ఊరి నోట్లో పడి, అతని చెవికి మాత్రం పెళ్ళినాటి పిచ్చమ్మగానే ఉండిపోయింది. అతనికి చెవుడని ఊరికి తెలియకూడదని తను గయ్యాళి అయింది. నాలుగు మాటలు పడింది, ఒక్కదానికీ బదులు చెప్పలేదు. చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి కదా. ఇంజను దగ్గర పెట్టిన దండం ఇక్కడా పెట్టాలని ఉంది, పెడితే కళ్ళు పోతాయని తిడుతుంది. పెళ్ళాం ఓర్పు ఇంత పెద్దదని తెలిసి, సముద్రం మీద తొలిసారి తెడ్డుకు చెవి ఆనించి విన్నప్పటి మాదిరే ఒళ్ళు గగుర్పొడిచింది.

"క్యారియరు కింద పెట్టు" అన్నాడు. కర్ర పిడివైపు కరిచి, రెండో కొస ఆమె వైపు చాచాడు. కర్ర తీసి, "దీని మీద గడ్డం ఆనించు" అని చెప్పి మళ్ళీ కరిచాడు. ఆమె అటూ ఇటూ చూసింది. "మతి పోయిందా ఏంది?" అన్న మాట పెదాల మీద కనిపించింది. అయినా అతని కళ్ళు చూసి ఇంకేమీ అడగలేదు. కొంగుతో గడ్డం తుడుచుకుని, వంగి ఆనించింది. మాట్లాడమని చేత్తో సైగ చేశాడు. ఆమె ఊపిరి వినిపించింది, ముందు ఊపిరే. ఆ తరవాత, "వినపడతా ఉందా?" అని అలవాటు కొద్దీ గట్టిగా అడగబోయి, అతని ముఖం వెలగడం చూసి, ఆగిపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఉన్నంత చిన్న గొంతుతో అడిగింది.

"అయితే ఇంక నేను మెల్లిగా మాట్లాడొచ్చా?"

అతనికి నోట్లోంచి కర్ర తీయబుద్ధి కాలేదు. మళ్ళీ చెప్పమని తల ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా మెల్లిగా.